చెక్కు తిరిగొస్తే స్టేషన్‌కు కాదు, కోర్టుకు

రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు చేబదులిచ్చి, తిరిగొచ్చిన చెక్కుతో పోలీసు స్టేషన్ చుట్టూ తిరిగే మిత్రులను హిందూపురం, పెనుకొండ, ధర్మవరాల్లో చూస్తున్నాను. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కేసు అక్కడ పుట్టదు. మనమే మేజిస్ట్రేటుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.

బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపండి. అది అందాక 15 రోజుల్లో బాకీ తీర్చకపోతే, ఆపై నెలలోపు కోర్టులో వేయాలి. గడువుల దగ్గరే మనవాళ్లు జారిపోతున్నారు. మొహమాటం మరి! చెక్కు బెంగళూరుదైనా, ఖాతాలో వేసి ఉంటే, 2015 సవరణ ప్రకారం మన ఖాతా ఉన్న శాఖ పరిధిలోని కోర్టుకే వెళ్లాలి.

నిందితుడు నేరం ఒప్పుకోకపోతే, చెక్కు మొత్తంలో 20 శాతం వరకు మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం 2018 నుంచి కోర్టుకుంది. వకీలుతో చెప్పి అడిగించండి.