వ్రేళ్ళు తెల్లబడినపుడు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగ పూట జబ్బుల మాటేమిటని అనుకొనవలదు. చలికాలపు తెల్లవారుజామున చన్నీళ్ళలో అంట్లు తోము మన ఆడవారిలో కొందరు "వ్రేళ్ళు చచ్చుబడినవి" అని, చీరకొంగున తుడుచుకొని మరల పనిలో పడుదురు. ఆ మాటను ఇంటివారు చెవిని బెట్టవలెనని ఈ నాలుగు ముక్కలు మనవి చేయుచున్నాము.

చలికిగాని, మనోవ్యాకులతకుగాని వ్రేళ్ళలోని సన్నని రక్తనాళములు బిగుసుకొనుట కలదు. అప్పుడు వ్రేళ్ళు తెల్లబడి, పిదప నీలమై, రక్తము తిరిగి వచ్చునపుడు ఎఱ్ఱనగును. చామనచాయ చేతులపై రంగు అంతగా తెలియకపోవచ్చును. తిమ్మిరి, మంట మాత్రము తెలియును. 1862లో దీనిని వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు మారిస్ రేనో పేరే దీనికి నిలిచినది. పెక్కుమందికి దీనివలన పెద్ద హాని లేదు. కొందరికి మాత్రము చర్మము గట్టిపడు స్క్లెరోడెర్మా, లూపస్ వంటి జబ్బులకు ఇది ముందు హెచ్చరిక. అదరు యంత్రములను ఏండ్లతరబడి పట్టు కార్మికులకును ఇట్టిది వచ్చును.

వ్రేళ్ళకు రక్తమెంత చేరుచున్నదో చూచుటకు అణుశాస్త్రము ఒక ఉపాయము చూపినది. టెక్నీషియం-99ఎం కలిసిన మందును కొద్దిగా చేతి సిరలోనికి ఎక్కింతురు. అది రక్తముతోపాటు వ్రేళ్ళకు చేరును. దాని కిరణములను గామా కెమేరా లెక్కించును. చేయి వెచ్చగా నున్నపుడొకసారి, చన్నీళ్ళలో ముంచి తీసిన పిదప ఒకసారి చూచి, రక్తమెంత తగ్గినది, ఎంతసేపటికి మరల వచ్చినది పోల్చుదురు. టెక్నీషియం శక్తి 6 గంటలలో సగమగును. గర్భిణులు, పాలిచ్చు తల్లులు ఆ సంగతి ముందే చెప్పవలెను.

అయితే, కుళాయిలో నీరు సన్నగిల్లినదని తెలియుట వేరు, ఎందుకు సన్నగిల్లినదో తెలియుట వేరు. ఈ పరీక్ష మొదటిదానినే చెప్పును. అందరికిని ఇది అక్కరలేదు. రోగి చెప్పు మాట, గోటి మొదట నున్న సన్ననాళములను పెద్దవిగా చేసి చూచుట, రక్తపరీక్ష: వైద్యులు ముందుగా ఆధారపడునది వీనిపైననే.

కనుక చేతులు, ఒళ్ళు వెచ్చగా నుంచుకొనుడు. చుట్ట, బీడీ, సిగరెట్టు మానుడు. వ్రేలికొనపై పుండు పడినను, ఒక చేతికే వచ్చినను, ముప్పది యేండ్లు దాటిన పిదప క్రొత్తగా మొదలైనను తాత్సారము చేయక వైద్యునికి చూపుడు. పుండు ముదిరిన వ్రేలికొనకే మోసము.

మనకు ఉగాది పచ్చడి కలిపి పెట్టిన చేతులు చల్లగా నున్నవా, వెచ్చగా నున్నవా అని ఈ యేడు ఒక్కసారి అడిగి తెలిసికొందము. అందరికిని నూతన సంవత్సర శుభాకాంక్షలు.