తెల్లవారి నియమానికి రాత్రే పునాది

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియంలో చదివి, ఉర్దూ మీడియంలోనే లెక్కలు చెప్పుకుంటున్న ఉపాధ్యాయులం. తెలుగులో మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. మాటల్లో తప్పులుంటే మన్నించగలరు.

మేము చెప్పదలచింది పెద్ద విషయమేమీ కాదు. మన పిల్లలు పొద్దున నిద్ర లేవడం గురించి.

పోయిన ఏడు తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి రోజూ ఆలస్యంగా వచ్చేవాడు. వచ్చినా మొదటి పీరియడ్‌లోనే బల్ల మీద తల వాల్చేవాడు. మొద్దు నిద్ర అనుకొని కోప్పడ్డాము, బయట నిలబెట్టాము. ఒకరోజు అలా నిలబడినవాడు కళ్ళు తిరిగి కూలబడ్డాడు. నీళ్ళు చల్లి అడిగితే, "రాత్రి నుంచి ఏమీ తినలేదు సార్" అన్నాడు. తండ్రిది రాత్రిపూట పకోడీల బండి. ప్లేట్లు కడిగి, సామాను సర్ది ఇల్లు చేరేసరికి పన్నెండు దాటుతుంది. అలసిపోయి అట్లాగే పడుకుంటాడు. పొద్దున లేపేవాళ్ళు లేరు, నాష్తా లేదు. అడగకుండానే శిక్షించిన తప్పు మాది.

ఆ సాయంత్రం బండి దగ్గరికి వెళ్ళాము. "ఏం చేయమంటారు మాస్టర్ సాబ్, మనిషిని పెట్టుకునే స్తోమతు లేదు" అన్నాడు తండ్రి. "పని మాన్పించమనడం లేదు భాయ్, తొమ్మిదికల్లా ఇంటికి పంపించండి" అన్నాము. ఇది ఉత్త లెక్క. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. ఐదున్నరకు లేవాలంటే ఎనిమిది గంటలు వెనక్కి లెక్కపెట్టండి. రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది. తండ్రి ఒప్పుకున్నాడు. బస్తా రాత్రే సర్దుకోవాలి, చాయ్‌తో రెండు రొట్టెలైనా తినకుండా గడప దాటకూడదు అని నియమం పెట్టుకున్నారు.

వారంలో మారిపోయాడని చెప్పం. చాలాసార్లు జారాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని పరిశీలించి, 2009లో ఒక సంగతి తేల్చారు. కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టిందట. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా అంచనా కట్టారు. ఒక రోజు తప్పినా అలవాటు చెడిపోలేదట. కనుక పిల్లవాడు ఒకనాడు లేవకపోతే తిట్టకండి, మర్నాడు లేపండి.

రంజాన్ నెలంతా సహరీకి మన ఇళ్ళన్నీ లేస్తాయి. ఈద్ మర్నాడు మళ్ళీ పొద్దెక్కేదాకా పడక! ఎందుచేత? రంజాన్‌లో ఇల్లంతా కలిసి లేచింది, పొయ్యి వెలిగింది, పేటంతా మేలుకుంది. తర్వాత పిల్లవాణ్ణి ఒంటరిగా లేవమంటున్నాం. ఇల్లు లేస్తేనే పిల్లలు లేస్తారు.

మా ఇంటి సంగతీ దాచం. మా అబ్బాయి దిండు కింద సెల్‌ఫోన్ దొరికింది. మందలిస్తే, "మీరూ చూస్తున్నారు కదా అబ్బా" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఇషా నమాజు కాగానే ఇంట్లోని ఫోన్లన్నీ అల్మారాలోకి పోతాయి. మాది కూడా. అలారానికి పాత గడియారం బయటికి తీశాం.

సంఘానికి ఒక్క మనవి. బడి ఉన్న రోజుల్లో మన విందులు, జల్సాలు రాత్రి తొమ్మిదికల్లా ముగిద్దాం. ఖర్చు లేని సంక్షేమం ఇది.

ఆ అబ్బాయి ఈ ఏడు పదో తరగతి పరీక్షలు రాస్తాడు. ఫలితం అల్లాహ్‌కే ఎరుక. మొదటి పీరియడ్‌లో మాత్రం మెలకువగా ఉంటున్నాడు, చేయెత్తి జవాబులు చెబుతున్నాడు.

సెలవు. ఖుదా హాఫిజ్.