క్లోమ క్యాన్సర్‌కు ఇమ్యునోథెరపీ, రేడియేషన్ కలిపి ఇస్తే...

 

నేను డాక్టర్ని కాను, హైస్కూలు మాస్టార్ని. అయినా ఈ విషయం మీద నన్ను మాట్లాడమనడానికి కారణం మా బావగారు. క్లోమగ్రంథి జీర్ణాశయం వెనకాల, వెన్నెముకకు ముందు దాక్కుని ఉంటుంది. అందుకే అక్కడి క్యాన్సర్ తొందరగా బయటపడదు. ఆయనకు కామెర్లు వచ్చి పరీక్షలు చేయించేసరికే అది కాలేయానికి పాకింది. కీమో కొన్ని నెలలు పనిచేసి ఆగిపోయింది. అప్పుడు ఎవరో "ఇమ్యునోథెరపీ, రేడియేషన్ కలిపి ఇస్తే నయమైపోతుంది" అన్నారు. అక్క ఇల్లు అమ్మడానికి సిద్ధపడి, "తమ్ముడూ, చదువుకున్నోడివి, నువ్వే చెప్పు" అంది.

అప్పటినుంచి నేనే మళ్లీ విద్యార్థినయ్యాను. మన రక్తంలోని రక్షక కణాలకు బ్రేకులుంటాయి. క్యాన్సర్ వాటిని తొక్కిపెడుతుంది. ఆ బ్రేకును వదిలించే మందులకు దారి చూపినందుకే 2018లో జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు నోబెల్ వచ్చింది. చర్మ క్యాన్సర్‌లో ఈ మందులు బాగా పనిచేశాయి. క్లోమ క్యాన్సర్‌లో మాత్రం గడ్డ చుట్టూ గట్టి పీచు గోడలా పెరుగుతుంది, రక్షక కణాలు లోపలికి పోవడమే కష్టం. బ్రేకు తీసినా బండి గేటు బయటే ఉంటే ఏం లాభం?

ఇక్కడే రేడియేషన్ ఆలోచన వచ్చింది. కిరణాలకు చచ్చిన క్యాన్సర్ కణాల ముక్కలను చూసి రక్షక కణాలు శత్రువును గుర్తుపట్టవచ్చు. ఒకచోట రేడియేషన్ ఇస్తే దూరాన ఉన్న గడ్డ కూడా తగ్గడం అరుదుగా చూశారు. 1953లో మోల్ అనే శాస్త్రవేత్త దానికి 'ఆబ్‌స్కోపల్' అని పేరు కూడా పెట్టారు.

మరి ఫలితం? డెన్మార్క్‌లో కీమో పనిచేయని 84 మంది మీద చేసిన పరిశోధన 2022లో వెలువడింది. అందరికీ ఒక గడ్డకు ఒకేసారి రేడియేషన్ ఇచ్చారు. దాంతోపాటు ఒక ఇమ్యునోథెరపీ మందు తీసుకున్న 41 మందిలో ఒక్కరికే గడ్డ చెప్పుకోదగ్గంత తగ్గింది. రెండు మందులు తీసుకున్న 43 మందిలో ఆరుగురికి తగ్గింది, మరో పదిమందికి కొంతకాలం పెరగకుండా ఆగింది. రేడియేషన్ లేని గుంపు ఆ పోలికలో లేదు కాబట్టి దాని వాటా ఎంతో చెప్పలేమని వారే రాశారు. తీవ్రమైన దుష్ప్రభావాలూ ఉన్నాయి.

ఆరుగురు తక్కువేమీ కాదు, ఈ జబ్బులో అది పెద్ద మాటే. కానీ "నయమైపోతుంది" అన్న మాట వేరు.

మా డాక్టరుగారు బయాప్సీ ముక్కకు ఎం.ఎస్.ఐ. పరీక్ష చేయించారు. నూటికి సుమారు ఒకరికి అది అనుకూలంగా వస్తుంది, వాళ్లకు ఇమ్యునోథెరపీ బాగా పనిచేసే అవకాశం ఉంది. బావగారికి రాలేదు. అక్క ఇల్లు అమ్మలేదు. నొప్పికి మార్ఫిన్ మాత్రలు, తిన్నది అరగడానికి ఎంజైమ్ క్యాప్సూళ్లు వాడాం. ఆఖరి నాలుగు నెలలు ఆయన ఇంట్లోనే, మనవళ్ల మధ్య గడిపారు. ఇంకేదైనా చేయాల్సిందా అని అక్క ఇప్పటికీ అడుగుతుంటుంది. నా దగ్గర జవాబు లేదు.

కమిటీకి నా మనవి ఒక్కటే. ఇమ్యునోథెరపీకి సాయం కోరే దరఖాస్తుతో ఈ పరీక్ష రిపోర్టు, డాక్టరు రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. పరీక్షకు డబ్బు లేనివాళ్లకు ఆ ఖర్చు ముందు మనమే ఇద్దాం. నొప్పి మందులు మన సాయం జాబితాలో ఇంతవరకు లేవు. ఈ ఏడాది చేర్చండి.