ఓపెన్ సోర్స్‌లో ఏ దేశం ముందుంది? లెక్కించేదెలా?



ఒక దేశంలో ఎన్ని కార్లు ఉన్నాయో రిజిస్ట్రేషన్లను బట్టి చెప్పవచ్చు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ విషయంలో ఆ వీలు లేదు. దాన్ని ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు, ఎన్ని కాపీలైనా తీసి పంచవచ్చు. అమ్మకం లేదు కనుక రసీదు ఉండదు. మరి దేశాలవారీగా దాన్ని ఎలా కొలుస్తారు?

మొదటి పద్ధతి సూచీ. 2009లో రెడ్‌హ్యాట్ సంస్థ, అమెరికాలోని జార్జియా టెక్ విద్యాసంస్థతో కలిసి 75 దేశాలకు ఇటువంటి సూచీ రూపొందించింది. ప్రభుత్వం, పరిశ్రమ, ప్రజాసమూహం అనే మూడు రంగాలను పరిశీలించింది. ఫ్రాన్స్‌కు మొదటి స్థానం, స్పెయిన్‌కు రెండో స్థానం దక్కాయి. అయితే ఏ అంశానికి ఎంత వెయిటేజీ ఇచ్చారన్న దాన్నిబట్టి ర్యాంకులు మారిపోతాయి.

రెండో పద్ధతి ఖాతాల లెక్క. ప్రోగ్రాములను భద్రపరచి, నలుగురూ కలిసి రాసుకునే వేదిక గిట్‌హబ్. దాని 2023 నివేదిక ప్రకారం అమెరికాలో సుమారు 2 కోట్ల 2 లక్షలు, భారతదేశంలో 1 కోటి 32 లక్షల మంది డెవలపర్లు ఉన్నారు. ఇప్పుడు జనాభాతో భాగించండి. వెయ్యి మందికి అమెరికాలో దాదాపు 60, మన దేశంలో 9 వస్తాయి. రెండు లెక్కలూ సరైనవే. ప్రశ్నలే వేరు. పైగా ఖాతా ఉన్న ప్రతివారూ ఓపెన్ సోర్స్‌కు పని చేస్తున్నట్లు కాదు.

మూడో పద్ధతి పని లెక్క. గిట్‌లో చేసే ప్రతి మార్పుతోపాటు రాసినవారి కంప్యూటర్‌లోని కాలమండలం కూడా నమోదవుతుంది. మనది +5:30. కాని శ్రీలంకదీ అదే! డల్లాస్‌లో కూర్చుని రాసే గుంటూరు ఇంజనీరు అమెరికా లెక్కలో చేరతాడు.

ఇక వాడకం సంగతి. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. ఖాతాల లెక్కలో వారు కనిపించరు.

ఇదంతా ఎందుకు? 2015లో మన కేంద్ర ప్రభుత్వం తన కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమిచ్చే విధానం ప్రకటించింది. అది ఫలించిందా అన్నది ఖాతాల సంఖ్య చెప్పదు. ఎన్ని కార్యాలయాల్లో అది నడుస్తోంది, అందులో లోపం వస్తే మనవాళ్లే సరిదిద్దగలుగుతున్నారా అన్నది చూడాలి. తప్పు కొలత పట్టుకుంటే ప్రజాధనం తప్పు చోటికి పోతుంది.

కాబట్టి ర్యాంకు కనిపించగానే మూడు ప్రశ్నలు వేయండి. ఏమి లెక్కించారు? దేనితో భాగించారు? ఎవరిని వదిలేశారు?

అభ్యాసం: మీ కళాశాల ల్యాబ్‌లో ఓపెన్ సోర్స్ వాడేవారెందరో, దానికి ఒక్క మార్పైనా రాసి పంపినవారెందరో విడివిడిగా లెక్కించండి. రెండు సంఖ్యల మధ్య తేడా మీకే తెలుస్తుంది.