ఇంట్లో చెప్పారా?



మన చిప్పగిరి, ఆలూరు వైపు నుండి కర్నూలుకో, అనంతపురానికో వెళ్ళి విశ్వవిద్యాలయాల్లో చదివే పిల్లలు మీ ఇళ్ళలోనూ ఉంటారు. అవయవదానం గురించి అడిగితే చాలామంది "మంచిదే" అంటారు. "ఇంట్లో చెప్పారా?" అంటే మాత్రం తల దించుకుంటారు. చావు మాట ఎత్తితే అమ్మ ఏడుస్తుందని వారి భయం.

చిక్కంతా అక్కడే ఉంది. 18 ఏళ్ళు నిండినవారు అంగీకార పత్రం రాయవచ్చు. కానీ ఆ సమయం వచ్చినప్పుడు ఆసుపత్రివారు అడిగేది మిమ్మల్నే. మీకు తెలియకపోతే ఆ కార్డు జేబులోనే ఉండిపోతుంది.

చదువుకున్న పిల్లలు కూడా కోమా, బ్రెయిన్ డెత్ ఒకటే అనుకుంటారు. కోమాలో ఉన్నవారు కోలుకోవచ్చు. మెదడు పూర్తిగా చనిపోయినవారు కోలుకోరు. వెంటిలేటర్ మీద గుండె కొట్టుకుంటుంది, ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, కనుక కన్నవారికి నమ్మబుద్ధి కాదు. అందుకే 1994 చట్టం ప్రకారం నలుగురు వైద్యులు కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. అవయవాలు మార్చే వైద్యులు వారిలో ఉండకూడదు. చనిపోయినవారి గుండె, కాలేయం, మూత్రపిండాలు సాధారణంగా ఆ స్థితిలోనే తీస్తారు. కళ్ళ సంగతి వేరు. ఇంట్లో పోయినవారివైనా 6 గంటలలోపు ఇవ్వవచ్చు.

దేహానికి కుట్లు వేసి గౌరవంగా అప్పగిస్తారు. అవయవాలు తీసే ఖర్చు మీ మీద పడదు.

ఈసారి సెలవులకు పిల్లలు వచ్చినప్పుడు, అన్నాలు తింటూ మీరే కదపండి. "నీ ఇష్టమేమిటి నాయనా?" అని అడగండి. మీ ఇష్టం కూడా చెప్పండి.