మూగవోయిన గొంతు: డీన్ జోన్స్ సంస్మరణ
(రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



ఒక మనుష్యుని ముఖాముఖి ఎన్నడును చూడకున్నను, కేవలము గొంతును బట్టి అతనిని ఆత్మీయునిగా తలచుట ఈ కాలముననే సాధ్యమైనది. వెనుకటి రోజులలో గ్రామమునందలి రేడియో చుట్టును చేరి ఆటల వ్యాఖ్యానము విన్న పెద్దలకు ఈ సంగతి విప్పి చెప్పవలసిన పనిలేదు. ఆటగాడు మైదానమునకు చెందినవాడు. వ్యాఖ్యాత మాత్రము వినువాని ఇంటికి చెందినవాడు. అట్టి గొంతు హఠాత్తుగా ఆగిపోయిననాడు కలుగు దుఃఖమునకు బంధుత్వము లేదు. అయినను అది పరాయి దుఃఖమని త్రోసివేయుటకును మనసొప్పదు. ఆస్ట్రేలియా క్రికెటు వీరుడును, సుప్రసిద్ధ వ్యాఖ్యాతయు నగు డీన్ జోన్స్ మరణము ఇందుకు చక్కని నిదర్శనము.

2020 వ సంవత్సరమున కోవిడు మహమ్మారి కారణముగా ఐ.పి.ఎల్. పోటీలు అరబ్బు ఎమిరేట్సులో జరిగెను. వ్యాఖ్యాతలలో కొందరు ముంబయిలోనే యుండి, తెరపై ఆటను చూచుచు వ్యాఖ్యానించుచుండిరి. వారిలో జోన్స్ ఒకడు. సెప్టెంబరు 24 వ తేదీన తాను బసచేసిన హోటలులో ఆయన గుండె ఆగి కుప్పకూలెను. సహచరుడైన బ్రెట్ లీ తన చేతులతో ఛాతీని నొక్కి, ప్రాణము నిలుపుటకు ప్రయత్నించెను గాని ఫలింపలేదు. అప్పటికి జోన్స్ వయస్సు 59 సంవత్సరములు. ఆ రాత్రి దుబాయిలో జరుగవలసిన ఆట జరిగియే తీరెను. ఉదయము తమతో కలిసి తిరిగిన మిత్రుడు లేకుండగా సహవ్యాఖ్యాతలు గొంతు సవరించుకొని పని చేయవలసివచ్చెను. ఆట చూచుటకు కూర్చున్న అభిమానులకు ఆటకంటె ముందు ఆ మరణవార్త చెవిని పడెను.

జోన్స్ 1961 మార్చి 24 న మెల్‌బోర్న్ నగరమునందలి కోబర్గులో జన్మించెను. దేశముగాని దేశమువాని కొరకు ఇచ్చటివారు ఇంతగా దుఃఖించుటకు మూలము వెదకినచో 1986 సెప్టెంబరునాటి మద్రాసునకు పోవలెను. చేపాకు మైదానమున భారత ఆస్ట్రేలియా జట్లు తలపడినప్పుడు, జోన్స్ ఆడుచున్నది మూడవ టెస్టు మాత్రమే. సముద్రపు ఉక్క, నిప్పులు చెరగు ఎండ. వాంతులగుచున్నను, కాళ్లు కొంకర్లు పోవుచున్నను ఆయన ఎనిమిది గంటలకు పైగా నిలిచి 210 పరుగులు చేసెను. మధ్యలో నిలువలేక వెళ్లిపోదునని ఆయన అనగా, నాయకుడు అల్లన్ బోర్డర్ తన రాష్ట్రమైన క్వీన్స్‌లాండునకు చెందిన గట్టివానినే పిలిపించుకొందునని దెప్పి, ఆయన పౌరుషమును రెచ్చగొట్టెను. ఆ దీర్ఘపోరాటమునకు తెరదించినవాడు హైదరాబాదు బౌలరు శివలాల్ యాదవ్. ఆట నుండి వచ్చిన జోన్స్‌ను ఆసుపత్రికి చేర్చి, నరములలోనికి సెలైను ఎక్కించవలసివచ్చెను. ఆ టెస్టు సరిసమానముగా ముగిసెను. టెస్టు చరిత్రలో అట్టి ముగింపులు రెండే కలవు. మొదటిది 1960 లో బ్రిస్బేనులో జరిగినది. మరుసటి యేడు కలకత్తాలో ప్రపంచకప్పు గెలిచిన ఆస్ట్రేలియా జట్టులోను జోన్స్ ఉండెను. మొత్తము 52 టెస్టులలో 3631 పరుగులును, 164 ఒకరోజు పోటీలలో 6068 పరుగులును ఆయన చేసెను.

బ్యాటు విడిచిన పిమ్మట ఆయన మాటను చేపట్టెను. ఆచార్యుని గౌను, చదరపు టోపీ ధరించి, ప్రొఫెసర్ డీనో అను పేరుతో భారతీయ టెలివిజనులో ఆట మర్మములు బోధించెను. ఎండలో సొమ్మసిల్లి పోరాడినవాడు కావున, ఆటగాని అలసటను గూర్చి ఆయన చెప్పినప్పుడు వినువారికి ఆ మాట నమ్మదగినదిగా తోచెను. హాస్యమును, దాపరికము లేని అభిప్రాయమును ఆయన వ్యాఖ్యానమునకు రెండు కన్నులు.

అయితే ఆ దాపరికము లేని నోటికే ఒకనాడు గొప్ప పొరపాటు సంభవించెను. మృతులను గూర్చి మంచియే పలుకవలెనను మర్యాద కలదు. కాని నిజమును దాచిన సంస్మరణ మృతునికిని గౌరవము కాదు, వినువారికిని ఉపకారము కాదు. 2006 ఆగస్టులో కొలంబోలో దక్షిణాఫ్రికా, శ్రీలంక జట్ల టెస్టు జరుగుచుండెను. గడ్డము పెంచిన ముస్లిము ఆటగాడు హషీమ్ ఆమ్లా ఒక క్యాచి పట్టగా, మైకు ఆగియున్నదను భ్రాంతిలో జోన్స్ ఆయనను ఉగ్రవాది యని అనెను. ఆ మాట దక్షిణాఫ్రికాలోని ఇండ్లలో వినబడెను. వెంటనే ఉద్యోగము పోయెను. జోన్స్ బహిరంగముగ క్షమాపణ చెప్పుకొని, స్వదేశమునకు పోయెను. కాలు జారిన తీసుకొనవచ్చును గాని నోరు జారిన తీసుకొనలేమని పెద్దలు చెప్పిన మాట, మాటయే వృత్తియైన వానికి మరింత వర్తించును. మైకు ఆగియుండుట ఆ మాటకు సమర్థన కాజాలదు. ఎవరును వినుట లేదనుకొన్నప్పుడు పలికిన మాటయే మనుష్యునికి అసలు పరీక్ష.

పలికిన మాటను వెనుకకు తీసుకొనుట ఎవరికిని శక్యము కాదు. పిదప నడవడిని దిద్దుకొనుట మాత్రము చేతిలోని పని. జోన్స్ ఆ తరువాత 14 సంవత్సరములు జీవించెను. ఆ కాలమున పాకిస్తానులో ఇస్లామాబాదు యునైటెడ్ జట్టునకు శిక్షకుడై 2016, 2018 సంవత్సరములలో రెండు మారులు విజయము చేకూర్చెను. అనంతరము కరాచీ కింగ్స్ జట్టునకు గురువాయెను. ఆయన పోయిన రెండు నెలల లోపుననే, 2020 నవంబరులో, కరాచీ జట్టు ఆ పోటీని గెలిచి, తమ విజయమును ఆయనకే అంకితము చేసెను. పోటీ తిరిగి మొదలైననాడు క్రీడాకారులు మైదానమున ఆయన పేరులోని మొదటి ఆంగ్లాక్షరపు ఆకారమున నిలిచి నివాళి యర్పించిరి. ఒకనాడు ఆయన ఎవరి మతస్థుని నొప్పించెనో, ఆ మతమునకే చెందిన యువకులు ఆయనకొరకు కన్నీరు కార్చిరి. ఒక తప్పు ఒక జీవితమును పూర్తిగా కొలువజాలదనుటకు ఇంతకంటె వేరు సాక్ష్యము అక్కరలేదు.

స్వస్థలమున ఆయనకు జరిగిన వీడ్కోలు మరింత హృదయవిదారకము. అక్టోబరులో మెల్‌బోర్న్ నగరము మహమ్మారి నిర్బంధములో నుండెను. లక్షమంది కూర్చుండదగిన ఆ మహా క్రీడాంగణమున కుటుంబమువారు పదిమంది మాత్రమే నిలిచియుండగా, శవపేటికను మోయు వాహనము మైదానము చుట్టును ఒకసారి ప్రదక్షిణము చేసెను. అభిమానులందరును ఎవరి ఇంట వారే యుండి శోకించిరి.

డిసెంబరు 26 న అదే మైదానమున భారతజట్టుతో టెస్టు మొదలయ్యెను. తేనీటి విరామమున జోన్స్ భార్యయు, కుమార్తెలును, బోర్డరును కలిసి ఆయన బ్యాటును, టోపీని, చలువ అద్దములను వికెట్ల చెంత నుంచిరి. అప్పటి సమయము మధ్యాహ్నము 3 గంటల 24 నిమిషములు. ఆస్ట్రేలియా టెస్టు ఆటగాండ్ర వరుసలో ఆయన సంఖ్య 324. విక్టోరియా పక్షమున ఆయన చేసిన అత్యధిక పరుగులును 324. అంతకు ముందు వీడ్కోలుకు రాలేకపోయిన జనము ఆనాడు లేచి నిలిచి చప్పట్లు చరిచెను.

ఆనాడే, ఆ మైదానముననే, హైదరాబాదు యువకుడు మహమ్మదు సిరాజ్ తన తొలి టెస్టు ఆడుచుండెను. ఆటోరిక్షా నడిపి ఆయనను పెంచిన తండ్రి నవంబరు 20 న హైదరాబాదులో కన్నుమూసెను. ఇంటికి పోవుటకు అవకాశమిచ్చినను సిరాజ్ జట్టుతోనే నిలిచి, అంత్యక్రియలకు దూరమాయెను. ఆ టెస్టులో ఆయన 5 వికెట్లు తీసెను. జోన్స్ ముంబయిలో పోగా ఆయన ఇల్లు మెల్‌బోర్న్‌లో దుఃఖించెను. సిరాజ్ మెల్‌బోర్న్‌లో ఆడుచుండగా ఆయన ఇల్లు హైదరాబాదులో దుఃఖించెను. దూరమున నుండి కార్చిన కన్నీటికి విలువ తక్కువ కాదని ఆ యొక్క దినము చాటిచెప్పెను.

సభ్యులారా! గొంతు గాలిలో కలిసిపోవును. అక్షరము అలమరలో నిలుచును. ఇరువదియైదు సంవత్సరములుగా గ్రంథాలయము చేయుచున్న పని ఇదియే. గతించిన పెద్దలను గూర్చి వ్రాసి భద్రపరచునప్పుడు, వారి గొప్పతో పాటు వారి పొరపాటును, ఆ పొరపాటు నుండి వారు లేచి నిలిచిన తీరును కూడ వ్రాసియుంచుట రాబోవు తరమువారికి చేయదగిన మేలు. డీన్ జోన్స్ అభిమానులకు ఆయన విడిచిపోయిన ఆస్తి పరుగుల పట్టిక యొక్కటియే కాదు. మాటను జాగ్రత్తగా వాడవలెనను హెచ్చరికయు, జారినవాడును తిరిగి లేవగలడను ధైర్యమును అందులో కలవు. ఆ రెండును ఈ గ్రామమునకును అవసరమే.