వైద్యం అయిపోయాక బిడ్డ మనసు



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు విన్నాం. ఏ లెక్కలోకీ రాని ఒక బాధ గురించి ఇప్పుడు చెప్పుకుందాం.

అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మనకు తెలిసిందే. పిల్లల్లో ఎక్కువగా కనిపించే బ్లడ్ క్యాన్సర్‌కి వైద్యం 2 నుంచి 3 ఏళ్లు సాగుతుంది. ఎనిమిదో తరగతిలో బడి మానిన పిల్ల తిరిగి వెళ్లేసరికి తోటివాళ్లు పది దాటిపోతారు. జుట్టు వస్తుంది, ఒళ్లు తేరుకుంటుంది. గండం గడిచిందని మనం అనుకుంటాం. పిల్లకి మాత్రం కాస్త జ్వరం తగిలినా, మళ్లీ వచ్చిందేమోనని నిద్ర పట్టదు. అమ్మ ఏడుస్తుందని పైకి చెప్పదు.

మేమూ ఒక తప్పు ఒప్పుకోవాలి. ఒక పేరంటంలో అలాంటి పిల్లని చూసి "అయ్యో, దీనికి సంబంధం ఎలా కుదుర్తాదో" అన్నాం. ప్రేమతోనే అన్నాం. ఆ తర్వాత ఆ పిల్ల గుమ్మం దాటలేదు.

క్యాన్సర్ అంటువ్యాధి కాదు; పక్కన కూర్చోబెట్టుకుందాం. మిగతా పిల్లల్ని అడిగినట్టే సినిమాల గురించి, స్నేహితుల గురించి అడుగుదాం. భయం చెప్పుకుంటే "ఏం కాదులే" అని కొట్టిపారేయకుండా విందాం. వైద్యం అయ్యాక కూడా నీరసం నెలల తరబడి ఉండొచ్చు, అది బద్ధకం కాదు. చెకప్పులు మానిపించొద్దు. దిగులు రెండు వారాలు దాటితే డాక్టరుకి చెప్పాలి. బతకాలని లేదంటే ఆ రోజే తీసుకెళ్లాలి. టెలీ మానస్ 14416కి ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

ఆ పిల్ల ఇంటికి ముందు మేమే వెళ్తాం, తప్పయిందని చెప్తాం. మీ వీధిలో అలాంటి బిడ్డ ఉంటే మీరూ వెళ్లండి.

సెలవు.